ముందురోజు మార్కులు

పెద్ద మిషన్ మూడోసారి కాగితాన్ని నమిలి ఆగిపోయేసరికి కొట్టు ముందు పద్దెనిమిది మంది ఉన్నారు. ఇస్హాక్ వేలు పెట్టి లెక్కించలేదు. ఇరవయ్యేళ్ళుగా గిరాకీని చూస్తున్న కన్ను అది, ఒక్క చూపుకే తెలిసిపోతుంది. అందులో సగం ఆధార్ జిరాక్సులు. వాళ్ళు పక్క కొట్టుకు పోయినా పెద్ద నష్టం లేదు. రెజ్యూమెల వాళ్ళు మాత్రం పోకూడదు. ఒకటికి నాలుగు సెట్లు తీస్తారు. ఉద్యోగం రాకపోతే మళ్ళీ వస్తారు. చాలామంది మళ్ళీ వస్తూనే ఉన్నారు.

మిషన్ తలుపు తెరిచి, చేతులు మోచేతుల దాకా మసి చేసుకుని, నలిగిన కాగితాన్ని ముక్కలు ముక్కలుగా లాగుతున్నాడు. బయట మార్చి ఎండ రేకు మీద కాలుతోంది. అప్పుడే ఫోను మోగింది.

"ఇస్హాక్ అన్నా, రేపటికి ఒక హాజరీ కావాలె," అన్నాడు సురేందర్. "ఎంఎస్సీ చదివిన పిల్లయితే మంచిది."

"ఒక్కరేనా?"

"ఒక్కరే. ఇంకొకరు బయటికెల్లి ఎట్లనో వస్తున్నరు. పదిన్నరకు. మార్కుల కాగితం సుత వాట్సాప్‌ల పెట్టిన. జర జల్ది చెయ్యి."

అమీర్‌పేట మైత్రీవనం వెనక, కొట్టున్న గల్లీలో ఇన్‌స్టిట్యూట్ అంటే మూడు నెలల్లో కంప్యూటర్ కోర్సు నేర్పే గది. అలాంటివి ఒక్కో మేడలో పది ఉంటాయి. ఇస్హాక్ కొట్లో మాత్రం "పెద్ద ఇన్‌స్టిట్యూట్" అంటే వేరు. ఊరి చివర, ఎత్తైన ప్రహరీ వెనక, పదహారు విభాగాలతో, సైంటిస్టులతో ఉన్న ప్రభుత్వ సంస్థ అది. సురేందర్ అక్కడ ప్రాజెక్టుల సెక్షన్‌లో గుమాస్తా. ఆ సంస్థ విద్యార్థుల థీసిస్‌లు బైండింగ్‌కు ఇస్హాక్ దగ్గరికే వస్తాయి. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, కాపీకి మూడువందల యాభై. కొట్టు అద్దెలో మూడొంతులు ఆ అట్టల మీదే గడుస్తుంది. ఆ పని తెచ్చిపెట్టేవాడు సురేందర్. కాబట్టి సురేందర్ ఫోను చేస్తే మిషన్ ఆగినా ఇస్హాక్ ఆగడు.

హాజరీ అనేది ఆ బేరంలో పుట్టిన సరుకే. సంస్థలో ఏ ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరిగినా కనీసం ముగ్గురు హాజరు కావాలని నియమం. ముగ్గురు రాకపోతే మళ్ళీ ప్రకటన, మళ్ళీ రెండు నెలలు. అసలు మనిషిని సైంటిస్టు ముందే చూసిపెట్టుకుంటాడు. ప్రకటనను వెబ్‌సైటులో ఎవరికీ కనపడని మూలన ఐదు రోజులు పెట్టి తీసేస్తారు. ఇక ముగ్గురు ఎక్కడినుంచి వస్తారు? అమీర్‌పేట హాస్టళ్ళ నుంచి వస్తారు. ఎమ్మెస్సీలు చదివి, ఆ చదువుకు ఉద్యోగం దొరక్క, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ఒక్కో హాస్టల్లో అరవై మంది. వాళ్ళలో ఒకరిద్దరిని పంపితే సరి. వెళ్ళాలి, సంతకం పెట్టాలి, అడిగినదానికి నసగాలి, తిరిగి రావాలి. పిల్లకు ఆరువందలు, ఆటో ఖర్చు. జిరాక్సు బిల్లులో కలిపి సురేందర్ పాస్ చేయిస్తాడు. ఇస్హాక్‌కు మిగిలేది రెండువందలు.

ఇందులో ఎవరి జేబు కొట్టామని ఇస్హాక్ తనను తాను ప్రశ్నించుకున్నాడు, నాలుగేళ్ళ కింద, మొదటిసారి. ఎవరి జేబూ కాదనిపించింది. ఆ తర్వాత ప్రశ్నించుకోలేదు.

మార్కుల కాగితం కూడా ముందురోజే ఈ కొట్లో తయారయ్యేది. ఆఫీసు కంప్యూటర్లో చేస్తే రేపు ఎవరైనా సమాచార హక్కు కింద తవ్వితే తేదీతో సహా దొరుకుతుందని సురేందర్ భయం. ఇస్హాక్ మసి చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పైన ప్రాజెక్టు నంబరు, రేపటి తేదీ, మనసు పెట్టకుండానే చూసి కొట్టాడు. కింద మూడు వరసలు. పేర్ల గడులు ఖాళీ, అవి సురేందర్ చేత్తో నింపుకుంటాడు. మొదటివాడికి ఎనభై ఎనిమిది. రెండో వరసలో యాభై రెండు. మూడో వరసలో నలభై ఒకటి. పక్కన అభిప్రాయం రాసే గడి.

సురేందర్ మళ్ళీ ఫోను చేశాడు. "రెండో ఆమెకు జర గట్టిగ రాయ్ అన్నా. కాగితం మీద మంచిగున్నది ఆమె, అన్నిట్ల ఫస్టే. ఎందుకు తీసుకోలేదని రేపు ఎవరన్న అడిగితే జవాబుండాలె గదా."

పాత ఫైళ్ళలో ఇలాంటి మాటలు బోలెడున్నాయి. ఇస్హాక్ ఒక్కొక్కటే తిరగేశాడు. "ఇంకా సిద్ధపడాలి" అనేది మెత్తగా ఉంది. "అనుభవం తక్కువ" అనేది నప్పదు, ఆమెకు ఉద్యోగానుభవం ఉందట. రెండేళ్ళ కిందటి ఫైల్లో ఒకటి దొరికింది. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యం అర్థం ఇది: ప్రాథమిక అంశాల మీద పట్టు లేదు, పరిశోధన స్థాయికి తగదు. మంచి బరువున్న మాట. తీసి అతికించాడు. నాలుగు కాపీలు ప్రింటు కొట్టి కవర్లో పెట్టాడు. పని చేతిలో పడితే శుభ్రంగా చేయడం ఆయనకు అలవాటు.

ఒంటిగంటకు హైందవి వచ్చింది. తణుకు పిల్ల, బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ, పక్క గల్లీలో నలుగురు పడుకునే గదిలో ఉంటోంది. హాజరీకి ఇది మూడోసారి.

"భాయ్ గారూ, ఈసారి రేటు పెంచాలండి. టమాటాలే పెరిగాయి, మేం పెరగకూడదా?"

"టమాట కూరల పడ్తది. నువ్వు పోయి కుర్చీల కూసొని వస్తవ్. దానికి ఇంకేం పెంచాలె?"

"ఊరికే కూర్చోవడమేనా? తెలిసింది తెలియనట్టు చెప్పడం ఎంత కష్టమో మీకేం తెలుసు. పోయినసారి ఎంజైముల మీద అడిగారు. నా నోటిదాకా వచ్చింది జవాబు. మింగేసి, సారీ సర్ అన్నాను. ఆయన నవ్వాడు చూడండి, ఆ నవ్వుకి వెయ్యి రూపాయలు వసూలు చెయ్యాలి."

ఇస్హాక్ కూడా నవ్వాడు. ఆమెకోసం సురేందర్ పంపిన ఇంటర్వ్యూ పిలుపు ఉత్తరాన్ని ప్రింటుకు ఇచ్చాడు. కాగితం మిషన్ నోట్లోంచి మెల్లగా జారింది. పైవరసలో ప్రాజెక్టు నంబరు. ఎల్ఎస్, గీత, ఏడు. పీహెచ్‌డీ స్థానం, ఒకటి.

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ నంబరు ఆయనకు తెలుసు. పది రోజుల కింద ఇలాంటి ఉత్తరమే ఒకటి వస్తే, ఖరీదైన కాగితం మీద ప్రింటు తీసి, ఆనందం పట్టలేక లామినేషన్ కూడా చేశాడు. "పిలుపు ఉత్తరానికి ఎవరన్న లామినేషన్ చేస్తరా అబ్బా!" అని కూతురు యుస్రా తండ్రిని చూసి పగలబడి నవ్వింది. ఆ కాపీ ఒకటి గల్లాపెట్టె సొరుగులో ఉంది. తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. అదే నంబరు, అదే తేదీ, అదే గది.

కూతురికి రేపు ఇంటర్వ్యూ అని తెలియక కాదు. సంస్థలో పదహారు విభాగాలు, ఆర్థిక సంవత్సరం ముగిసే నెల, వారమంతా ఇంటర్వ్యూలే. పైగా తాను ఇంతకాలం పంపింది ఆర్నెల్ల ఉద్యోగాలకు, ఏడాది ఉద్యోగాలకు. పీహెచ్‌డీ అంటే పెద్ద చదువు, అక్కడ తూకం సరిగ్గా ఉంటుందని ఆయన నమ్మాడు. చిల్లర కొట్లోనే కల్తీ ఉంటుంది, పెద్ద షోరూములో ఉండదు అనుకునే గిరాకీదారు లాగే నమ్మాడు. సురేందర్ చెవిలో ఒక మాట వేస్తానంటే యుస్రా వద్దంది. "నా మార్కులతోనే పోతా అబ్బా, ఎవ్వరికి చెప్పకు," అంది. అందుకే సురేందర్‌కూ తెలియదు.

"ఏంటండీ, అలా అయిపోయారు?" అంది హైందవి.

"ఏం లేదమ్మా. మిషన్ వేడెక్కింది." అడ్వాన్సు మూడువందలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వెళ్ళాక కవరు విప్పి రెండో వరస మళ్ళీ చదివాడు. బయటినుంచి ఎట్లనో వస్తున్న ఆమె. అన్నింట్లో ఫస్టు. ప్రాథమిక అంశాల మీద పట్టు లేదు.

యుస్రా జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పదిహేడు వేల అయిదువందలకు మాత్రలు పరీక్షిస్తోంది. నాలుగేళ్ళుగా పొద్దున ఆరున్నర బస్సు. రాత్రి భోజనం తర్వాత చదువు. రేపటి సైంటిస్టు రఘురామ్ రాసిన పదకొండు వ్యాసాలను, కొట్లో పాడైన ప్రింట్ల వెనకవైపు తీయించుకుని చదివింది. ఒకవైపు ఎవరివో పెళ్ళిపత్రికలు, రెజ్యూమెలు. రెండోవైపు ఆమె పెన్సిలు రాతలు. ఆ సీటుకు వయసు హద్దు ఇరవై ఎనిమిది. వచ్చే నెల పద్నాలుగుకు ఆమెకు ఇరవై ఎనిమిది నిండుతాయి. ఆ తర్వాత ఆ తలుపు ఉండదు.

ఇస్హాక్ రమ్మంటే సాయంత్రం ఆరింటికి సురేందర్ పంజగుట్ట స్టేషన్లో మెట్రో దిగాడు. ఫ్లైఓవర్ పక్కన ఇరానీ హోటల్లో ఇద్దరూ కూర్చున్నారు. ఇస్హాక్ రెండు ఉత్తరాలూ టేబుల్ మీద పెట్టాడు. సురేందర్ చూశాడు, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నీ బిడ్డనా అన్నా? తోబ! ముందే చెప్తే ఏమైతుండె?"

"ఇప్పుడు చెప్పిన గదా. మార్చు."

"ఏం మార్చాలె? సారు మనిషి మూడేండ్ల సంది ఉన్నడు. తేజ అని, నల్లకుంట పిలగాడు. పన్నెండు వేలకు పడి ఉన్నడు. సారు పిల్లల్ని బడికెల్లి తెచ్చుడు, సారు ఇంటికి గ్యాసు బండ మోసుడు. వానికి ఈ సీటు ఇస్తనని మూడేండ్ల కిందనే మాటిచ్చిండు సారు. ఆ పిలగాన్ని ఏం చెయ్యమంటవ్?"

ఇస్హాక్ లెక్క వేశాడు. సీటు ధర మూడేళ్ళ గ్యాసు బండలన్నమాట. ఇంకొకరు ముందే కట్టేశారు. రసీదు లేకుండా కట్టినా కట్టినట్టే అంటున్నాడు సురేందర్.

"మరి నా బిడ్డను ఎందుకు పిలిచిండ్రు?"

"కోపం తెచ్చుకోకు, ఉన్నది చెప్తున్న. ఆమె ఫైలు మంచిగుంది గనకనే పిలిచిండ్రు. అందరు ఉత్తోళ్ళే వస్తే బయటికెల్లి వచ్చే కమిటీ పెద్దమనిషికి అనుమానం వస్తది. ఒక్కరన్న గట్టోళ్ళు ఉంటే పోటీ జరిగినట్టు కనపడ్తది."

హోటల్లో ఎవరో ఉస్మానియా బిస్కెట్లు అడుగుతున్నారు. గల్లా దగ్గర గంట మోగింది.

సురేందర్ ముందుకు వంగాడు. "ఇను. రేపు బిడ్డను రానియ్యి, నవ్వుకుంట పొమ్మను. జూన్‌ల ఒక ప్రాజెక్టు ఉద్యోగం ఉన్నది, ఆర్నెల్లు, ఇరవై వేలు. సారుతోని నేను మాట్లాడ్త. నీ పాత బిల్లులు సుత, ఆ నలభై మూడు వేలు, ఈ వారంలనే ఇప్పిస్త. బేరమే గదా అన్నా, నీకు నేను చెప్పాలెనా?"

బేరం మంచిదే. అదే ఇస్హాక్‌ను కాల్చింది. మూడో మనిషికైతే "తీసుకో భాయ్" అని తానే చెప్పేవాడు. చాయ్ డబ్బులిచ్చి లేచాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. పంజగుట్ట చౌరస్తా సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద కూర్చున్నంతసేపూ జేబులోని కవరు ఛాతీకి తగులుతూనే ఉంది.

ఎల్లారెడ్డిగూడలో రెండో అంతస్తు, రెండు గదుల ఇల్లు. భార్య ఫఖ్రున్నీసా కూతురి దుపట్టా ఇస్త్రీ చేస్తోంది. యుస్రా గోడకు ఆనుకుని, పెళ్ళిపత్రికల వెనక వ్యాసాలు ముందేసుకుని, తనలో తానే ఇంగ్లీషులో జవాబులు చెప్పుకుంటోంది. ఇస్హాక్ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, కవరు ఆమెకు ఇచ్చాడు. మాటలు తర్వాత, ముందు సరుకే చూపించాడు.

ఆమె చదివింది. రేపటి తేదీ చూసింది. రెండో వరస మీద వేలు ఆగింది.

"యాభై రెండు," అంది. "ఇది నేనా?"

"అవ్ బేటా."

"పట్టు లేదు. తగదు." ఇంట్లో మాట్లాడుకునేది దక్ఖనీ ఉర్దూయే. కోపం వస్తే మాత్రం యుస్రా తెలుగులోకి దిగుతుంది, సర్కారు బడిలో పన్నెండేళ్ళు చదివిన భాష. "ఈ మాట ఎవరు రాసిండ్రు?"

ఇస్హాక్ వంగి చెప్పులు విప్పాడు. ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి ఫఖ్రున్నీసా కూడా చూసింది.

"నేనే," అన్నాడు. "నీదని తెల్వదు. ఏదో పిల్లది అనుకున్న."

"ఏదో పిల్లది," అంది యుస్రా. "ఏదో పిల్లదైతే రాయొచ్చన్నట్టు."

మొత్తం చెప్పాడు. హాజరీలు, ఆరువందలు, నియమం, సురేందర్, జూన్‌లో ఇరవై వేలు. ఆమె మధ్యలో ఆపలేదు. అయ్యాక అడిగింది.

"ఎంతమందిని పంపినవ్ ఇప్పటిదాంక?"

"ఇరవై మూడు సార్లు. ఎవ్వరి పొట్ట కొట్టలే బేటా. ఎవ్వరు రాకపోతెనే మనల్ని అడుగుతరు."

"ముగ్గురు కావాలె గదా? వాళ్ళోడు ఒకడు. నువ్వు ఇద్దరిని పంపితే లెక్క సరిపోయింది. నువ్వు ఒక్కరినే పంపిన దినం మూడో మనిషెవరు అబ్బా?"

ఇస్హాక్ జీవితమంతా లెక్కలతో బతికిన మనిషి. కొన్నదెంత, అమ్మిందెంత, మిగిలిందెంత అన్నది నిద్రలో లేపినా చెప్పగలడు. ఈ చిన్న తీసివేత మాత్రం నాలుగేళ్ళలో ఒక్కసారీ చేయలేదు.

"ఎన్నిసార్లు ఒక్కరినే అడిగిండ్రు?"

వేళ్ళు ముడిచాడు. మొదటి ఏడాది రెండు. కిందటేడు నాలుగు. రేపటిది వదిలేస్తే తొమ్మిది.

"తొమ్మిది మంది," అంది యుస్రా. ఆమె గొంతు పెరగలేదు, అందుకే వినడం కష్టమైంది. "తొమ్మిది మంది నా లెక్కనే బట్టలు ఇస్త్రీ చేసుకొని పోయిండ్రు. వాళ్ళ మార్కులు ముందురోజే నీ కంప్యూటర్ల ఉన్నయ్. నేను వేరే ఊళ్ళల్ల ఆరు ఇంటర్వ్యూలకు పోయిన అబ్బా. ఆరుసార్లు జీతం కోసుకున్నరు. నాలుగు నిమిషాలు అడిగి, వెరీ గుడ్, చెప్తం పో అన్నరు. ప్రతిసారి ఇంటికొచ్చి నాకేం రాలేదో అని ఎతుక్కున్న. ఇంకింత చదవాలె అనుకున్న. నాకు బుర్ర లేదేమో అనుకున్న. ఆ ఆరింట్ల ఎన్నిట్ల నేను హాజరీ? ఆ ఊళ్ళల్ల ఎవరు టైపు చేసిండ్రు నా కాగితం? వాళ్ళకు సుత బిడ్డలు ఉండే ఉంటరు."

ఫఖ్రున్నీసా భర్త వైపు చూడలేదు. "రేపు పోకు బేటీ," అంది. "ఎందుకు పోవాలె? వాళ్ళ తమాషాకు మనం కుర్చీ ఎయ్యాల్నా?"

"పోత అమ్మీ." యుస్రా నాలుగు కాపీల్లో ఒకటి మడతపెట్టి తన ఫైల్లో పెట్టుకుంది. "పదకొండు వ్యాసాలు చదివిన. ఒక్కటన్న అడుగుతరు గదా."

మర్నాడు పొద్దున ఇస్హాక్ ఏడింటికే కొట్టు తెరిచాడు. మార్కుల ఫైలు తెరిచి కొంతసేపు చూస్తూ కూర్చున్నాడు. మొదటి వరసలో అంకె తీసేశాడు. రెండో వరసలో తీసేశాడు. మూడో వరసలో తీసేశాడు. అభిప్రాయాల గడిలో తాను ఏరి తెచ్చిన మాటల మీద చెయ్యి కాసేపు ఆగింది. అవీ తీసేశాడు. ఖాళీ గడులతో నాలుగు కాపీలు కొట్టాడు. అందులో ఒక్కటీ మిషన్‌లో ఇరుక్కోలేదు.

పదింటికి సంస్థ రెండో అంతస్తు వరండాలో మూడు కుర్చీలు, ఒక బల్ల. మొదటి కుర్చీలో తేజ. చొక్కా కొత్తది, బొటనవేలికి బట్ట కట్టు. కళ్ళు నేలమీదే ఉన్నాయి. రెండో కుర్చీలో యుస్రా. మూడో కుర్చీకి హైందవి నవ్వుకుంటూ వచ్చి, యుస్రా పక్కన నిలబడ్డ ఇస్హాక్‌ను చూసి తెల్లబోయింది.

"మీరేంటి భాయ్ గారూ ఇక్కడ?"

"నా బిడ్డ," అన్నాడు.

హైందవి యుస్రా వైపు చూసింది, ఆమె ఒళ్ళో ఉన్న వ్యాసాలు చూసింది, అంచుల నిండా పెన్సిలు రాతలు చూసింది. మొహంలో నవ్వు మెల్లగా పోయింది. గొంతు తగ్గించి, "అంటే నేను... ఈవిడ మీద పోటీకా?" అంది. మళ్ళీ ఇస్హాక్ వైపు తిరిగి, "ఇప్పుడు నన్నేం చెప్పమంటారు లోపల?"

"నీకు వచ్చింది చెప్పమ్మా."

"అన్నీనా?"

"అన్ని. మింగకు."

హైందవి కుర్చీలో కూలబడింది. "అడ్వాన్సు ఖర్చయిపోయిందండి, వచ్చే నెల ఇస్తాను," అని, వెంటనే యుస్రా వైపు వంగింది. "ఆ మూడో వ్యాసం ఒకసారి ఇలా ఇస్తారా? ఎంజైముల మీదేనా? నేను ఇవి చదివి ఏడాదిన్నరైంది."

యుస్రా ఒక్క క్షణం ఆమెను చూసింది. కాగితాలు ఇచ్చింది.

సురేందర్ గబగబా వచ్చాడు. "అన్నా, కవరు?" తీసుకుని, ఓ పక్కకు పోయి విప్పాడు. మొదటి కాపీ తిప్పాడు, రెండోది తిప్పాడు. తిరిగి వచ్చేసరికి మొహం ఎర్రబడింది.

"గిదేంది? ఖాళీగున్నయ్!"

"ఖాళీగనే ఉంటయ్ గదా. ఇంటర్వ్యూ ఇంక కాలే."

"మజాక్ చెయ్యకు అన్నా. లోపల బయటి పెద్దమనిషి కూసున్నడు. ఒంటిగంటకు ఆయన విమానం. నేను ఇప్పుడు ఎక్కడ ప్రింటు కొట్టాలె?"

"కొట్టుకో యాడన్న. మార్కులు వేసే పని ఇగ నేను చెయ్య."

"నీ నలభై మూడు వేలు?"

"ఉండనీ."

"బైండింగ్ పని?"

ఇస్హాక్‌కు కొట్టు గుర్తొచ్చింది. నల్ల అట్టల కట్టలు, కిలో లెక్కన కొని పెట్టుకున్న బంగారు రేకు. "ఆధార్ జిరాక్సులు ఉన్నయ్," అన్నాడు.

సురేందర్ పళ్ళు కొరికాడు. "నీ ఒక్కనితోని ఆగుతదా ఇది? చేత్తోని రాస్త. ఎంతసేపు?"

"రాయి. నీ చేత్తోని రాయి. నీ అక్షరాలు ఉంటయ్ దాని మీద."

సురేందర్ జేబులోంచి పెన్ను తీశాడు. కాగితాలు బల్ల మీద పరిచి, ఖాళీ గడుల మీద పెన్ను పెట్టబోయి, ఆగాడు. తేజ తలెత్తి చూస్తున్నాడు. మూడేళ్ళుగా గ్యాసు బండలు మోసిన ఆ మొహంలో భయం ఉంది, ఏదో ఒకటి తేలిపోతే బాగుండునన్న అలసట కూడా ఉంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. సైంటిస్టు రఘురామ్ గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో చల్లారిన కాఫీ కప్పు. "ఏమయ్యా సురేందర్, ఎంతసేపు? ముగ్గురూ వచ్చారా లేదా?"

సురేందర్ బల్ల మీది కాగితాలు పోగుచేశాడు. యుస్రా లేచింది.

"వచ్చినం సార్. ఫస్టు నేను వస్త."

"మీ నంబరు రెండు కదమ్మా."

"అవును సార్. రెండో వరస నాదే."

రఘురామ్‌కు ఆ మాట అర్థం కాలేదు. పక్కకు జరిగాడు. ఆమె లోపలికి పోయింది. తలుపు పూర్తిగా పడలేదు, గడియ దగ్గర బెత్తెడు సందు మిగిలింది. ఆ సందులోంచి ఇస్హాక్‌కు పొడవైన బల్ల, జీడిపప్పు ప్లేటు, చివర్లో, బయటినుంచి వచ్చిన తెల్లజుట్టు పెద్దాయన కనిపించారు.

యుస్రా కూర్చోలేదు. ఫైలు తెరిచింది. పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా ఇస్హాక్ క్రమంలో కుట్టిన సర్టిఫికెట్లు పైనే ఉన్నాయి. వాటిని పక్కకు జరిపింది. అడుగునుంచి మడతపెట్టిన ఒక కాగితం తీసి, మడత విప్పి, చేత్తో చదును చేసి, రఘురామ్‌ను దాటి బల్ల చివరిదాకా నడిచి తెల్లజుట్టాయన ముందు పెట్టింది.

"ఇది నిన్న నా చేతికొచ్చింది సార్," అంది. "నేను ఇంక ఒక్క మాట సుత మాట్లాడలే."

పెద్దాయన కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాడు.